దయయు తెలివియు

మంచి తలంపుతో చేసిన పనికి మంచి ఫలమే కలుగునని లోకము నమ్ముచున్నది. ఫలము చెడినచో చేసినవాని తలంపే చెడ్డదై యుండునని అనుమానించుటయు లోకమునకు అలవాటు. ఈ రెండు నమ్మకములకును లొంగని సంగతులు కొన్ని కలవు. బాధపడుచున్న మూగజీవిని చూచి, మనసు కరగి, చేతనైన మందు ఇప్పించినవాడు తప్పు చేసినవాడా? ఆ మందు వలన ఆ జీవికి హాని కలుగలేదు, నొప్పియు తగ్గినది. కాని ఆ మందే వేఱొక జీవజాతిని కూకటివ్రేళ్ళతో పెకలించినచో ఆ దయను ఏమని పిలువవలెను? ఇది తర్కపండితులు పొద్దుపోక కల్పించిన ప్రశ్న కాదు. 1990 తరువాత భరతఖండమున రాబందుల విషయమున జరిగిన సత్యము.

రాబందు అన్నంతనే ముఖము చిట్లించుకొనువారు పెక్కండ్రు. ఇంటికప్పుపై వ్రాలినచో అరిష్టమని శాంతి చేయించుకొందురు. వడ్డీపై వడ్డీ గుంజువానిని రాబందని తిట్టుదురు. కాని ఆ పక్షికులముననే జటాయువు పుట్టెను. సీతను చెఱగొనిపోవుచున్న రావణునితో పోరాడి ఆతడు రెక్కలు కోల్పోయెననియు, శ్రీరాముడు తండ్రికి చేసినట్లు ఆతనికి దహనసంస్కారము చేసెననియు రామాయణకథ. జటాయువు నేలకొరిగిన చోటు లేపాక్షియే యనియు, “లే పక్షీ” యని రాముడు పలికినందున ఊరికి ఆ పేరు వచ్చెననియు రాయలసీమ ప్రజలు చెప్పుకొందురు. ఆ లేపాక్షిలోనే, వీరభద్రాలయమునకు కొంత యెడముగా, ఏకశిలానంది కొలువుదీరి యున్నది. ఒకే ఊర ఎద్దునకును రాబందునకును మన్నన దక్కినది. ఈ రెంటికిని గల చుట్టరికము పురాణముతో ముగియలేదు. పశువుల కొట్టము మొదలుకొని ఊరి వెలుపలి కళేబరముల దిబ్బ వరకు అది సాగుచునే యుండెను.

ఈ దేశమున సేద్యము ఎద్దు మూపుపై నడచినది. ఒంట్లో సత్తువ ఉడిగిన ఎద్దును, వట్టిపోయిన ఆవును కడదాకా మేపు కుటుంబములు నేటికిని కలవు. చచ్చిన పశువును ఊరిబయటికి ఈడ్చివేయుదురు. చర్మకారులు తోలు తీసికొందురు. ఆపై మిగిలినదంతయు రాబందుల వంతు. అవి గుంపుగా వ్రాలినచో కొలది గంటలలో తెల్లని ఎముకలు మాత్రము మిగులును. దుర్వాసన లేదు, ఈగలు లేవు, చెఱువునీటిలోనికి క్రుళ్ళు దిగుట లేదు. తోళ్ళు పదను చేయు వృత్తిలోని డోహర కక్కయ్య కల్యాణమున శరణులలో పూజ్యుడై వెలసెను. కాయకమునందు ఎక్కువ తక్కువలు లేవను ఆ దృష్టితో చూచినచో, కక్కయ్యవంటివారు తోలు తీసిన తరువాత మిగిలిన పనిని పూర్తిచేయు పక్షిని హీనమని త్రోసివేయుట తగదు.

ఆ పనికి తగిన దేహము రాబందునకు ఒక్కనాట ఏర్పడలేదు. జీవులలో స్వల్పభేదములు సహజముగా పుట్టుచుండుననియు, పరిసరములకు అనుకూలమైన భేదములు గలవి ఎక్కువ సంతానమును నిలుపుకొనుననియు, తరతరములుగా ఆ భేదములు కూడి క్రొత్త జాతులు ఏర్పడుననియు చార్లెస్ డార్విన్ 1859వ సంవత్సరమున ప్రకటించెను. దీనినే ప్రకృతివరణమందురు. రెక్కలాడింపకయే వేడిగాలి సుడులపై గంటలకొలది తేలు విశాలమైన రెక్కలు, మైళ్ళ దూరమునుండి కళేబరమును పసికట్టు చూపు, దొమ్మరోగముతో చచ్చిన పశువు మాంసమును సైతము అరిగించుకొను కడుపులోని తీవ్రమైన ఆమ్లము — ఇవన్నియు లక్షలాది సంవత్సరముల దిద్దుబాటు. అమెరికా ఖండములలోను బట్టతల రాబందులు కలవు. అవి వేఱొక వంశమునకు చెందినవి; అయినను ఒకే పని చేయవలసి వచ్చుటచే ఒకే పోలికను పొందినవి.

ఈ బట్టతలను గూర్చి డార్విన్ చేసిన హెచ్చరిక స్మరింపదగినది. క్రుళ్ళిన మాంసములో తల దూర్చుటకే రాబందు తల బోడియైనదని అందఱును అందురు, కావచ్చును. కాని శుభ్రమైన గింజలు తిను టర్కీకోడిపుంజు తలయు బోడిదే కదా, తొందరపడి నిర్ణయింపరాదని ఆతడు వ్రాసెను. బోడితలయు బోడిమెడయు దేహపు వేడిని అదుపు చేసికొనుటకు తోడ్పడునని తరువాతి పరిశోధకులు చూపిరి. కంటికి కనిపించినదే కారణమని తలచుట ఎంతటి పొరపాటో దీనివలన తెలియును. రాబందుల వినాశకథలో ఈ పాఠము మఱొకమారు ఎదురగును.

1980 ప్రాంతమున తెల్లవీపు రాబందు ప్రపంచమునందలి పెద్ద మాంసాహార పక్షులలో మిక్కిలి విస్తారమైనదని శాస్త్రజ్ఞులు తలచిరి. ఢిల్లీ నగరపు చెట్లపై సైతము అవి గూళ్ళు కట్టుకొని యుండెను. రాజస్థానములోని భరతపురపు కేవలాదేవ్ పక్షివనమున 1980 దశకములో వందలకొలది జంటలు గూళ్ళు పెట్టెడివి. 1990 దశకము నడుమ అక్కడి చెట్లపై రాబందులు మెడలు వ్రేలవైచి కూర్చుండుటయు, గూళ్ళు పాడుపడుటయు బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు చెందిన విభు ప్రకాష్ గమనించెను. ఆతని నివేదిక 1999లో వెలువడెను. దేశమందంతట లెక్కలు తీయగా, 1992తో పోల్చినచో 2007 నాటికి తెల్లవీపు రాబందులు వేయింట ఒక్కటి మాత్రమే మిగిలియుండెను. పొడవుముక్కు, సన్నముక్కు రాబందులు రెండును కలిసి నూటికి మూడు మిగిలెను. పదునైదేండ్లలో ఇంతటి క్షయము పక్షిజాతులలో మిక్కిలి అరుదు.

ఏదో అంటురోగమని కొందఱు తలచిరి. పురుగుమందని కొందఱు, ఆహారలోపమని మఱికొందఱు తలచిరి. కంటికి కనిపించు కారణములలో ఏదియు నిలువలేదు. పాకిస్తాన్ లోని పంజాబున లిండ్సే ఓక్స్ అను పశువైద్య శాస్త్రజ్ఞుడును ఆతని సహచరులును చనిపోయిన రాబందులను కోసి చూడగా, లోపలి అవయవములపై తెల్లని పొడివలె యూరిక్ ఆమ్లము పేరుకొని యుండెను. మూత్రపిండములు చెడినవనుటకు అది గుర్తు. 2004వ సంవత్సరమున వారు కారణమును ప్రకటించిరి. పశువుల నొప్పికిని వాపునకును వాడు డైక్లోఫెనాక్ అను మందే ఆ కారణము.

మనుష్యుల కీళ్ళనొప్పులకు వాడు మందే యిది. 1990 దశకమున చౌకగా దొరకుటచే పశువులకును వాడుక పెరిగెను. కుంటుచున్న ఎద్దునకు, పొదుగువాపుతో బాధపడు ఆవునకు ఒక్క సూదిమందు వేసినచో మరునాటికి ఉపశమనము కలిగెడిది. పశువు కోలుకొన్నచో మందు కొలది దినములలో దేహమునుండి వెడలిపోవును. ఆ లోపల పశువు చనిపోయినచో కాలేయమునను మూత్రపిండములను మందు నిలిచియుండును. ఆ మాంసము తిన్న రాబందు కొన్ని దినములలో మరణించును.

వేలాది కళేబరములలో కొద్దిపాటి వానిలోనే గదా మందుండునది, జాతి అంతయు ఎట్లు నశించెనను సందేహము కలుగవచ్చును. రాబందులు ఆకాశమున ఎడమెడముగా తిరుగుచు ఒకదానినొకటి కనిపెట్టి యుండును. ఒకటి క్రిందికి దిగినంతనే చుట్టునున్నవి దిగును. వానిని చూచి మరికొన్ని దిగును. ఒక కళేబరము చుట్టు పదులకొలది చేరుటచే ఒక్క విషభోజనము గుంపునంతటిని కూల్చును. నూటికి ఒక్క కళేబరము కంటె తక్కువ వానిలో విషమున్నను ఇంతటి వినాశనము కలుగునని 2004లోనే గణించి చూపిరి. బ్రతుకుటకు నేర్చుకొన్న పంక్తిభోజనమే చావునకు దారియైనది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు మరలవలెను. ఆ మందు వేయించిన రైతు దోషియా? 2004కు పూర్వము కాడని చెప్పవలెను. ఆతని తలంపు నిర్మలము. పశువైద్యుడు సూచించెను, అంగడిలో బహిరంగముగా అమ్మిరి, పశువునకు మేలు కలిగెను. ఎద్దులో చేరిన మందు ఆకాశమునందలి పక్షిని చంపునని అప్పటికి ఏ విద్వాంసునికిని తెలియదు. తెలిసికొనుటకు వీలులేనిదానిని తెలిసికొనలేదని నిందించుట న్యాయము కాదు. అయినను నింద లేదన్నంత మాత్రమున బాధ్యతయు లేదనరాదు. త్రోవలో పోవుచు తెలియక ఒకని కుండను తన్నినవాడు దోషి కాకపోవచ్చును. కాని కుండ పగిలినది, నీరు ఒలికినది. తిరిగి చూడక పోవువాడు తన్నినందులకు గాక, చూడనందులకు దోషియగును. నింద గడచిన దానిని గూర్చినది. బాధ్యత రానున్న దానిని గూర్చినది.

ఇచ్చట రెండు ఆక్షేపణలు వినవచ్చును. జాతులు పుట్టుట, గిట్టుట ప్రకృతిధర్మమే కదా, పరిసరములకు తగనిది నశించునని పరిణామశాస్త్రమే చెప్పుచుండగా రాబందు కొఱకు విలపించుట యెందులకు? ఇది మొదటి ఆక్షేపణ. దీనిలో శాస్త్రదృష్టితో ఒక దోషము, ధర్మదృష్టితో ఒక దోషము కలవు.

శాస్త్రదృష్టితో చూచినచో, ప్రకృతివరణమునకు కాలము కావలెను. దోమలు పురుగుమందులకు లొంగకుండ మారగలిగినవి; ఏలయన వానికి ఒక్క సంవత్సరముననే ఎన్నియో తరములు గడచును, సంతానమును అపారము. రాబందు ఇంచుమించు ఐదేండ్లకు ఈడేరును. ఏడాదికి ఒక్కటే గ్రుడ్డు పెట్టును. పదేండ్లనగా దానికి రెండు తరములు. ఆ కొలది కాలమున మారుట సాధ్యము కాదు. వింత యేమనగా, అమెరికాలోని టర్కీ రాబందునకు ఇచ్చటి రాబందును చంపు మోతాదునకు నూఱురెట్లు మించి డైక్లోఫెనాక్ ఇచ్చినను హాని కలుగలేదని 2008లో ప్రకటితమైన పరీక్షలు తెలిపినవి. పైకి ఒకే రూపము, లోన వేఱు వంశము, వేఱు రసాయనము. ఆ పక్షి బలమైనదియు కాదు, ఈ పక్షి దుర్బలమైనదియు కాదు. ఏ వంశమునకు ఏ మందు పడునో అను యాదృచ్ఛికమే అచ్చట తీర్పరి. దానిని యోగ్యతకు పరీక్ష యనుట పొరపాటు.

ధర్మదృష్టితో చూచినచో, జరుగుచున్నది వేఱు, జరుగవలసినది వేఱు. వఱదలో ఇండ్లు కూలుట ప్రకృతియే. అందుచే వఱదలో చిక్కినవానిని విడిచిపెట్టుమని ఎవ్వరు అందురు? డార్విన్ పక్షమున జీవితాంతము వాదించిన టి. హెచ్. హక్స్‌లీయే 1893లో ఆక్స్‌ఫర్డున ఉపన్యసించుచు, ప్రకృతి నడకను అనుకరించుట వలన గాక, దానిని ఎదిరించుట వలననే సంఘమునకు నైతికోన్నతి కలుగునని వాదించెను. మనుష్యజాతిని దాటి క్రింది జీవులపై ప్రసరించు సానుభూతి మానవుడు చివరగా సంపాదించిన సుగుణములలో ఒకటని డార్విన్ 1871లో తెలిపెను. కనుక పరిణామశాస్త్రమును కఠినత్వమునకు సాక్ష్యముగా పిలుచువారు ఆ శాస్త్రకర్తల మాటను వినలేదన్నమాట. ఆ శాస్త్రము చెప్పునది మఱొకటి కూడ కలదు: ఎద్దు, రాబందు, మానవుడు ఒకే ప్రాచీనవంశపు శాఖలు. దయకు హద్దు ఎచ్చట గీయవలెనో అది చెప్పదు. కాని ఎచ్చట గీసినను బంధువర్గములోనే గీయుచున్నామని గుర్తుచేయును.

మనుష్యులకే సరియైన దిక్కులేనప్పుడు పక్షుల సంగతి యెందులకను మాట రెండవ ఆక్షేపణ. రాబందులు పోయినంత మాత్రమున కళేబరములు మాయము కాలేదు. అవి క్రుళ్ళెను, వీథికుక్కలు పెరిగెను, పిచ్చికుక్కకాటు భయమును పెరిగెను. ఎయల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు రాబందులు విరివిగా ఉండిన జిల్లాలను తక్కినవానితో పోల్చి, 2000 నుండి 2005 వరకు దేశమున సుమారు 5 లక్షల అధిక మరణములు సంభవించెనని 2024లో ప్రకటించిన వ్యాసమున లెక్కగట్టిరి. శవములను రాబందులకు అర్పించు ముంబయి పారశీకుల ఆచారమునకును చిక్కు వచ్చెను. కనుక పక్షి వేఱు, మనిషి వేఱు అను విభజనయే నిలువదు.

అయితే ఈ లెక్కతో సమాధానపడుటయు చాలదు. రేపు కళేబరములను కాల్చు యంత్రము ప్రతి మండలమునను వెలసినదనుకొందము. అప్పుడు రాబందు అక్కరలేదా? ఉపయోగమే విలువయైనచో ముసలి ఎద్దునకు గడ్డి వేయువాడు మూర్ఖుడు కావలెను. ఎవ్వరును ఆతనిని మూర్ఖుడనరు. బ్రతుకు కలవానికి బ్రతుకే మొదటి విలువ, ఉపయోగము తరువాతిది. ముసలి ఎద్దు విషయమున ఈ సత్యమును గుర్తించిన ఇల్లు రాబందు విషయమున గుర్తింపక పోవుటకు కారణమొక్కటే: ఎద్దు కంటి యెదుట కలదు, రాబందు కనుచూపునకు దూరమున కలదు.

ఇచ్చటనే అసలు చిక్కు విడిపోవును. రైతు ఎద్దును రక్షింపవలెనా, రాబందును రక్షింపవలెనా అను ధర్మసంకటము నిజమైనది కాదు. మెలోక్సికామ్ అను మందు పశువుల నొప్పిని తగ్గించుననియు, రాబందులకు హాని చేయదనియు 2006లో పరీక్షించి తెలిపిరి. మొదట దాని వెల హెచ్చుగా ఉండెను; తరువాత తగ్గెను. అదే సంవత్సరమున భారతప్రభుత్వము పశువులకై డైక్లోఫెనాక్ తయారీని నిషేధించెను. రెండు దయలకు నడుమ పోరాటమని తోచినది నిజమునకు దయకును అజ్ఞానమునకును నడుమ గల యెడమే. తెలివి వచ్చినంతనే ఆ యెడము పూడినది.

కాని తెలివి వచ్చిన తరువాత సాకు మిగులదు. నిషేధము పిమ్మటను మనుష్యులకై అమ్ము పెద్దసీసాలను కొని పశువులకు వాడినవారు కలరు. అందుచే 2015లో మనుష్యుల మందును సైతము ఒక్క మోతాదు సీసాలలోనే అమ్మవలెనని ప్రభుత్వము ఆజ్ఞాపించెను. రాబందులకు హానికరములని తేలిన కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ అను మందులను 2023లో పశువులకు నిషేధించిరి. 2004కు ముందు వేసిన సూదియు, దాని తరువాత తెలిసి వేసిన సూదియు చేతికి ఒక్కటే. ధర్మమునకు ఒక్కటి కావు. మొదటిదానిలో దయ కలదు, తెలివి లేదు. రెండవదానిలో తెలివి కలదు, దయ సగమే కలదు. ఆ సగమును తన కొట్టము గడప వద్దనే ఆగిపోయినది.

నష్టమును పూడ్చుట నష్టపఱచినంత సులభము కాదు. హర్యానాలోని పింజోర్ వద్ద 2001లో నెలకొల్పిన కేంద్రమున రాబందులను సంరక్షించి, పిల్లలను పెంచి, 2020 నుండి కొన్నింటిని ఆకాశమునకు వదలుచున్నారు. 2015 నాటి అంచనా ప్రకారము దేశమున తెల్లవీపు రాబందులు సుమారు 6,000, పొడవుముక్కువి 12,000, సన్నముక్కువి 1,000 మాత్రము. ఒకప్పుడు లక్షలలో, కోట్లలో లెక్కింపదగిన జాతులివి. తెలంగాణమున కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవులలో పాలరాపు గుట్ట కొండచఱియపై పొడవుముక్కు రాబందుల గూళ్ళు 2013లో కనుగొనబడెను. అట్టి గుట్టపై ఏడాదికి ఒక్క జంట ఒక్క పిల్లను పెంచును. చుట్టునున్న పల్లెలలో ఒక్క రైతు ఒక్కమారు వేయించిన మందు ఆ పిల్లకు ప్రాణమో మరణమో కాగలదు.

గొడ్డూగోదా గల గృహస్థులును, గోశాలలు నడపు మఠములును చేయవలసినది పెద్ద త్యాగమేమియు కాదు. పశువునకు సూది వేయునపుడు ఆ మందు పేరు అడుగవలెను. డైక్లోఫెనాక్, కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ అయినచో వలదని చెప్పి మెలోక్సికామ్ కోరవలెను. మందు పడిన కొలది దినములకే పశువు చనిపోయినచో, ఏ మందో తెలియనిచో, ఆ కళేబరమును బయట పడవేయక లోతుగా పాతిపెట్టవలెను. మఠమునందొకరు అడుగుట అలవాటు చేసికొన్నచో ఊరిలో పదిమంది అడుగుదురు; పదిమంది అడిగినచో అంగడివాడు ఆ మందును ఉంచుట మానును.

దయ హృదయమున పుట్టును. కాని దాని త్రోవ హృదయముతో ముగియదు. ఎద్దు వీపుపై నిమిరిన చేయి ఎంతదూరము చాచుకొని పోవుచున్నదో విచారించుటయు దయలోని భాగమే. విచారింపని దయ మంచిదే, కాని పసిదయ; అది ఎదుటనున్న దానినే చూచును. విచారించిన దయ ఎదుట లేనిదానిని కూడ లెక్కలోనికి తెచ్చుకొనును. సూదిమందు పేరు అడుగుట యను చిన్నపనిలో ఆ పెద్ద దయ ఇమిడి యున్నది.